పాయింట్లు సరిగ్గానే ఉన్నాయి, మరి ఒళ్లెందుకు కుదుటపడటం లేదు?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మూడేళ్ల కిందట బరువు తగ్గిపోవడం, గుండె దడ, చేతులు వణకడం మొదలైతే పరీక్షలు చేసి గ్రేవ్స్ జబ్బు అన్నారు. ఏడాదిన్నర కార్బిమజోల్ వాడాను, తగ్గిందని ఆపితే కొన్ని నెలల్లోనే తిరగబెట్టింది. పోయిన ఆగస్టులో రేడియో అయోడిన్ ఇచ్చారు. నవంబరు నుంచి థైరాయిడ్ తక్కువైంది, ఇప్పుడు రోజూ 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర. పోయిన నెల టీఎస్‌హెచ్ 2.3 వచ్చింది, అంతా నార్మల్ అన్నారు. నాకు మాత్రం ఏదీ నార్మల్‌గా లేదు. మూడో పీరియడ్‌కే నిలబడలేకపోతున్నాను, దువ్వెన నిండా జుట్టు వస్తోంది, 9 కిలోలు పెరిగాను, పిల్లల పేర్లు మర్చిపోతున్నాను, అప్పుడప్పుడు దడ, ఊరికే ఏడుపొస్తుంది. పొద్దున అయిదున్నరకు మాత్ర, గ్యాస్ మాత్ర కలిపి వేసుకుని కాఫీ తాగుతాను. టిఫిన్ అయ్యాక కాల్షియం, రక్తం మాత్ర. రాత్రి జుట్టుకి బయోటిన్. పక్కింటావిడ థైరాయిడ్ మాత్ర ఒకటిన్నర వేసుకోమంటోంది, యూట్యూబ్‌లో ఒకాయన అసలు మానేయొచ్చంటున్నాడు. మా ఆయన, అత్తగారు "రిపోర్టు బాగుంది కదా, ఇంకా ఏంటి" అంటున్నారు. నా జీవితం ఇక ఇంతేనా? మా అమ్మాయికి 14 ఏళ్లు, దానికీ వస్తుందా?

సమాధానం:

మీ ఉత్తరం చదువుతుంటే నాకు కోపం వచ్చిందమ్మా, మీ మీద కాదు, "నార్మల్" అనే ఒక్క మాటతో మీ నోరు మూయించినవాళ్ల మీద. నాదీ ఇదే జబ్బు. విజయవాడలో ఉంటాను, రోజూ పరగడుపున మాత్ర వేసుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. నేను డాక్టర్ని కాదు, చదివిందీ డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతున్నాను. మాత్ర మోతాదు మార్చాలా వద్దా అన్నది మాత్రం మీ డాక్టరుగారే తేల్చాలి.

రిపోర్టు బాగున్నా ఒంట్లో బాగుండకపోవడం మీ ఊహ కాదు. థైరాక్సిన్ మాత్రతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించడానికి మెదడు కింది గ్రంథి పంపే హార్మోను, థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతుంది) సరైన పరిధిలోకి వచ్చినవాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికి నీరసం, మతిమరుపు, ఒళ్లునొప్పుల్లాంటివి మిగిలిపోతాయని థైరాయిడ్ డాక్టర్లే ఒప్పుకుంటున్నారు. స్వీడన్‌లో గ్రేవ్స్ జబ్బుకి వైద్యం చేయించుకున్న వెయ్యిమందికి పైగా పేషెంట్లను ఆరు నుంచి పదేళ్ల తర్వాత పలకరించి చూశారు, ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. మామూలు జనంతో పోలిస్తే వాళ్ల రోజువారీ జీవితం ఇంకా తక్కువ స్థాయిలోనే ఉంది, రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లలో అది ఇంకాస్త ఎక్కువగా కనిపించింది. ఇది చూసి అయోడిన్ తీసుకున్నందుకు బాధపడకండి, తిరగబెట్టిన జబ్బుని అలాగే వదిలేస్తే గుండెకీ ఎముకలకీ జరిగే నష్టం చాలా పెద్దది. నేను ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, మీ ఆయనకి ఈ పేరా చూపించడానికి.

అలాగని మీకున్న ప్రతి బాధా థైరాయిడ్ వల్లే అనుకోవద్దు. అలా అనుకునే చాలామంది రక్తహీనతనీ, బి12 లోపాన్నీ, డిప్రెషన్‌నీ ఏళ్ల తరబడి థైరాయిడ్ ఖాతాలో రాసుకుని మోస్తున్నారు. అందుకని ఏ బాధ దేనివల్ల వస్తోందో విడివిడిగా తేల్చుకోవాలి, మీ విషయంలో అది తేలే దారి నాకు స్పష్టంగానే కనిపిస్తోంది.

ముందు జబ్బు సంగతి. గ్రేవ్స్ అంటే మన ఒంట్లోనే పుట్టిన యాంటీబాడీలు థైరాయిడ్ గ్రంథిని ఆగకుండా రెచ్చగొట్టడం. రేడియో అయోడిన్ ఆ గ్రంథిని అణచేస్తుంది, యాంటీబాడీలను కాదు. అవి అయోడిన్ తీసుకున్నాక కొన్ని నెలలు ఇంకా పెరిగి, ఏడాది దాటాక మెల్లగా తగ్గుముఖం పడతాయి. పైగా మీ ఒళ్లు రెండేళ్లకు పైగా అతివేగానికీ మందుకీ మధ్య ఊగి, తర్వాత రెండు మూడు నెలల్లో ఒక్కసారిగా తక్కువ వైపు పడిపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లు కొన్నాళ్లకే పోయాయి గానీ గోడల్లో చెమ్మ ఎన్ని నెలలుందో అక్కడివాళ్లని అడగండి. టీఎస్‌హెచ్ నీటిమట్టం చెబుతుంది, గోడ ఆరిందో లేదో చెప్పదు.

మీకు అయోడిన్ ఇచ్చి ఎనిమిది నెలలే అయింది. జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు తొడల్లోనూ భుజాల్లోనూ కండ కరిగిపోతుంది, కింద కూర్చుని లేవాలంటే చెయ్యి ఆనించాల్సి వచ్చేది గుర్తుందా, ఆ కండ మళ్లీ కట్టడానికి నెలలు పడుతుంది. జుట్టైతే ఒంట్లో ఏ పెద్ద మార్పు వచ్చినా రెండు మూడు నెలలు ఆలస్యంగా ఊడటం మొదలుపెడుతుంది. కాబట్టి ఇవాళ దువ్వెనలో కనిపిస్తున్నది శీతాకాలంలో మీ థైరాయిడ్ పడిపోయినప్పటి లెక్క అయి ఉండొచ్చు, ఇవాళ్టిది కాకపోవచ్చు. ఇలా ఊడిన జుట్టు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు తిరిగి వస్తుంది. పాపిట వెడల్పవుతున్నా, గుండ్రంగా మచ్చలుగా ఊడుతున్నా అది వేరే సంగతి, స్కిన్ డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, మీరు మాత్ర వేసుకునే పద్ధతి. థైరాక్సిన్ చాలా నాజూకైన మందు. కడుపు ఖాళీగా ఉండాలి, కడుపులో ఆమ్లం ఉండాలి, పక్కన ఇంకేమీ ఉండకూడదు. మీరేమో దాంతోపాటే గ్యాస్ మాత్ర వేసుకుని కాఫీ తాగుతున్నారు. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, కాఫీ మందుని ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. టిఫిన్ అవగానే కాల్షియం, ఐరన్ కూడా వెళుతున్నాయి, ఈ రెండూ థైరాక్సిన్‌ని పేగులోనే పట్టి ఉంచేస్తాయి. మీరు మింగుతున్నది 100 మైక్రోగ్రాములే, రక్తంలోకి ఎంత చేరుతోందో ఎవరికీ తెలియదు, అదీ ఒక్కో రోజు ఒక్కో రకంగా ఉంటుంది. మన ఇళ్లలో లేవగానే కాఫీ పడకపోతే రోజు మొదలవదని నాకూ తెలుసు, కానీ మాత్రకీ కాఫీకీ మధ్య కనీసం అరగంట, వీలైతే గంట ఉండాలి. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో, ఐరన్ రాత్రికి మార్చండి, థైరాక్సిన్‌కీ వీటికీ నాలుగు గంటల ఎడం తప్పనిసరి. కాల్షియం, ఐరన్ కూడా ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి కాబట్టి వాటిని కలిపి వేసుకోవద్దు.

గ్యాస్ మాత్ర మీకు ఎవరు, ఎందుకు రాశారు? మన దగ్గర ఏ చీటీ చూసినా పైన ఒక గ్యాస్ మాత్ర ఉంటుంది, అయిదు రోజులకి రాసింది అయిదేళ్లు వాడేవాళ్లున్నారు. నిజంగా అవసరమైతే వాడాల్సిందే, కానీ అది వాడుతున్నట్టు థైరాయిడ్ డాక్టరుకి తెలియాలి, ఎందుకంటే మోతాదు దాన్ని బట్టి మారొచ్చు. ఏళ్ల తరబడి వాడితే బి12 కూడా తగ్గొచ్చు.

పొద్దున హడావుడిలో ఇదంతా కుదరదంటే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు, చివర తిని మూడు గంటలు దాటి ఉండాలి. అప్పుడు ఐరన్‌ని సాయంత్రం పెందలాడే ముగించండి. టైము ఏదైనా ఒకటే పెట్టుకోండి. కార్తీక సోమవారాలు, శుక్రవారాలు ఉపవాసమని మాత్ర మానేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, మంచినీళ్లతో వేసుకునే ఈ మాత్రకి ఉపవాసం అడ్డురాదు, మానొద్దు. సీసాని స్టవ్ పక్క అలమరాలోనో కిటికీ గట్టు మీదో పెట్టకండి, మన ఎండలకి మందు బలం తగ్గిపోతుంది. మీల్ మేకర్, సోయా పాలు వాడితే మాత్రకి దూరంగా తినండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ గురించి బెంగ అక్కర్లేదు, వండుకుని మామూలుగా తినొచ్చు, గ్రంథే పనిచేయనప్పుడు ఆ కూరలు దాన్ని ఏం చేస్తాయి? ఉప్పు కూడా మామూలు అయోడిన్ ఉప్పే.

ఇక బయోటిన్. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఇదే. జుట్టు మాత్రల్లో బయోటిన్ తరచుగా 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఒంటికి రోజూ కావాల్సిందేమో మైక్రోగ్రాముల్లోనే. అంత బయోటిన్ రక్తంలో తిరుగుతుంటే కొన్ని ల్యాబ్ యంత్రాలు టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా, టీ4ని (థైరాక్సిన్ హార్మోనుకే ఇంకో పేరు) ఎక్కువగా చూపిస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని గురించి హెచ్చరిక ఇచ్చింది. అంటే మీ 2.3 నిజంగా 2.3 కావొచ్చు, ఇంకా ఎక్కువైనా కావొచ్చు. నిజంగా ఎక్కువే అయితే మీ నీరసం, బరువు, జుట్టు, మతిమరుపు అన్నిటికీ సగం జవాబు అక్కడే ఉంది. ఒకసారి ఆలోచించండి, జుట్టు ఊడుతోందని వేసుకున్న మాత్రే జుట్టు ఎందుకు ఊడుతోందో తెలియకుండా కప్పేస్తూ ఉండొచ్చు. బయోటిన్ లోపం లేనివాళ్లకి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారమూ లేదు. దాన్ని ఆపండి. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలని చెబుతారు, మీరు వారం ఇవ్వండి. ఆపి వారం అయ్యాక మీ డాక్టరుగారికి ఈ సంగతి చెప్పి టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4 కూడా చేయించండి.

ఫ్రీ టీ4 ఎందుకంటే, గ్రేవ్స్‌లో థైరాయిడ్ చాలాకాలం ఎక్కువగా ఉండి తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ వెంటనే మేలుకోదు, కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల పాటు తక్కువగానే ఉండిపోతుంది. ఎనిమిది నెలలకి మీది మేలుకునే ఉంటుంది, అయినా రెండూ కలిపి చూస్తేనే నమ్మకం. రక్తం ఇచ్చే రోజు మాత్ర వేసుకోకుండా వెళ్లి, ఇచ్చాక వేసుకోండి, ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి.

మాత్ర పద్ధతి మార్చాక ఇంకో సంగతి జరగొచ్చు. ఇన్నాళ్లూ సగం పట్టిన మందు ఇప్పుడు పూర్తిగా పడితే అదే 100 మీకు ఎక్కువైపోవచ్చు, అప్పుడు దడ పెరుగుతుంది, నిద్ర పట్టదు. కాబట్టి పద్ధతి మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ పరీక్ష కావాలి. అంతకుముందే చేస్తే లాభం లేదు, థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, కొత్త లెక్క కుదురుకోవడానికి అన్ని వారాలు కావాలి.

ఇప్పుడు అర్థమైందా పక్కింటావిడ ఒకటిన్నర సలహా ఎంత ప్రమాదమో? ఆవిడ మీ మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ అవసరానికి మించి థైరాక్సిన్ వేసుకుంటే మొదటి వారాలు హుషారుగా ఉంటుంది, చాలామంది మోసపోయేది అక్కడే. అదే ఏళ్ల తరబడి కొనసాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖ్యంగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి. గ్రంథి పూర్తిగా పనిచేయనివాళ్లకి మోతాదు కిలోకి సుమారు 1.6 మైక్రోగ్రాములు అని ఒక లెక్క ఉంది, అది మొదలుపెట్టడానికే, ఆ తర్వాత ఎవరి ఒంటిని బట్టి వాళ్లకి 12.5, 25 చొప్పున సరిచేస్తారు. మీది 2.3 దగ్గరే నిజంగా ఉండి, ఇంకా బాగా లేకపోతే "ఒకటికీ రెండుకీ మధ్య పెట్టి చూద్దామా" అని డాక్టరుగారిని అడగొచ్చు, అది అడగకూడని ప్రశ్నేం కాదు.

మానేయొచ్చన్న యూట్యూబ్ పెద్దమనిషి మాట మాత్రం అస్సలు వినకండి. గ్రంథే పోయిన మనిషికి ఈ మాత్ర అలవాటు పడే మందు కాదు, ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోనే బయటినుంచి ఇస్తున్నారు. మానేస్తే కొన్ని వారాలు ఏమీ తెలియదు, అందుకే వాళ్ల వీడియోల కింద "నేను మానేశాను, బాగున్నాను" అని రాసేవాళ్లు కనిపిస్తారు. ఆ తర్వాత ఒళ్లు ఉబ్బి, గుండె నెమ్మదించి, మరీ ముదిరితే స్పృహ తప్పి ప్రాణం మీదకి వస్తుంది.

థైరాయిడ్ కాకుండా చూడాల్సినవి. గ్రేవ్స్ ఉన్నవాళ్లకి ఒళ్లు తన మీద తానే తిరగబడే ఇతర జబ్బులు కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువ, బి12 ఒంటికి పట్టకపోవడం వాటిలో ఒకటి. కాబట్టి రక్తం ఇచ్చేటప్పుడే పూర్తి రక్తపరీక్ష, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, విటమిన్ డి, షుగరు కోసం హెచ్‌బీఏ1సీ కూడా అడగండి. హిమోగ్లోబిన్ బాగుందని ఐరన్ బాగున్నట్టు కాదు, ఫెరిటిన్ తగ్గితే జుట్టూ ఊడుతుంది, నీరసమూ ఉంటుంది. మీకు నెలసరి ఎక్కువగా అవుతోందా, తేదీలు తప్పుతున్నాయా? మీరు రాయలేదు. 39 అంటే కొందరికి ఆ మార్పులు మొదలయ్యే వయసు, దడ, ఏడుపు, నిద్రలేమి అటునుంచి కూడా వస్తాయి. రాత్రి గురక పెడుతున్నారేమో మీ ఆయన్ని అడగండి, బరువు పెరిగినవాళ్లకి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడితే ఎంతసేపు పడుకున్నా పొద్దున అలసటే మిగులుతుంది.

దడ వచ్చినప్పుడు మణికట్టు పట్టుకుని నిమిషానికి ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. వేగంగా ఉన్నా క్రమం తప్పకుండా కొట్టుకుంటోందా, లేక అడ్డదిడ్డంగానా అన్నది చూడాలి. అడ్డదిడ్డంగా ఉంటే ఈసీజీకి ఆలస్యం చెయ్యొద్దు. దడతో ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరి అందకపోవడం ఉంటే ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

కళ్ల గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. గ్రేవ్స్ కళ్లకీ వస్తుంది, థైరాయిడ్ తగ్గాక కూడా, రేడియో అయోడిన్ తర్వాత కొందరికి ఎక్కువవుతుంది. ఇసుక పడ్డట్టు ఉండటం, నీళ్లు కారడం, పొద్దున రెప్పలు ఉబ్బడం ఉంటే ఒకసారి చూపించండి, తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్ ఉంది, మీకు గుంటూరు నుంచి పెద్ద దూరం కాదు. వస్తువులు రెండుగా కనబడినా, రంగులు వెలిసినట్టు ఉన్నా, చూపు తగ్గినా అదే రోజు వెళ్లాలి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే బయటికి వెళ్లి తాగమనండి, ఆ పొగ కంటి జబ్బుని ముదరబెడుతుంది.

బరువు సంగతి. జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు మీరు ఎన్ని కిలోలు తగ్గారో రాయలేదు. పెరిగిన 9లో కొన్ని అప్పుడు పోయినవే తిరిగి వచ్చాయి, దాన్ని లావు అనకండి. అప్పట్లో ఆకలి ఎక్కువై ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు, ఆ అలవాటు మిగిలిపోయి ఇప్పుడు అదే తిండి బరువుగా మారుతోంది. కడుపు మాడ్చుకోవద్దు, కండ కట్టాల్సిన సమయంలో పస్తులుంటే నీరసం రెట్టింపవుతుంది. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు పెంచండి. నడక మొదట పావుగంట చాలు, ఎండ ముదరకముందే ఎన్టీఆర్ స్టేడియంకో మీ వీధి చివరికో వెళ్లండి. రెండు వారాలయ్యాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, ఇది తొడలకి మంచి వ్యాయామం. బాగున్న రోజు ఇంటిపనంతా చేసేసి మర్నాడు మంచం పట్టడం మాత్రం మానుకోండి, మనం ఆడవాళ్లం చేసే పని అదే, ఒక రోజు ఓపిక వస్తే అలమరాలన్నీ సర్దేస్తాం.

ఊరికే ఏడుపొస్తోందన్నారు. గ్రేవ్స్ మనసుని కూడా కుదిపేస్తుంది, హార్మోన్లు సర్దుకున్నాక కూడా ఆందోళన, దిగులు కొందరిలో మిగులుతాయి. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉన్నా, ఇష్టమైనవి కూడా రుచించకపోయినా దానికి వేరే వైద్యం ఉంది, థైరాయిడ్ మాత్ర పెంచితే అది పోదు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ముందు 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదు అనిపించే క్షణం ఎప్పుడైనా వస్తే ఇంట్లో ఒకరికి చెప్పి వెంటనే ఫోన్ చెయ్యండి, పొద్దుట దాకా ఆగొద్దు.

ఇంట్లోవాళ్ల గురించి. మీ అత్తగారు, మీ ఆయన చెడ్డవాళ్లని నేననుకోను. వాళ్లకి జ్వరం వస్తే తగ్గడం తెలుసు, ఆపరేషన్ అయితే కుట్లు కనబడటం తెలుసు. మీకు కుట్లూ లేవు, జ్వరమూ లేదు, పైగా ఒళ్లు చేశారు, చూసేవాళ్లకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. "నాకు బాగాలేదు" అని పదిసార్లు చెబితే పదోసారికి ఎవరూ వినరమ్మా, అది వాళ్ల తప్పని వాదించి లాభం లేదు. దాని బదులు పని పేరు పెట్టి, గడువు పెట్టి అడగండి. "రెండు నెలలు పొద్దున టిఫిన్ మీరు చూడండి అత్తయ్యా, నేను మధ్యాహ్నం బాక్సులు కడతాను." "స్కూలు నుంచి వచ్చాక ముప్పావుగంట తలుపేసుకుని పడుకుంటాను, ఆలోగా పాపకి పాలు మీరివ్వండి." ఇలా అడిగితే చాలామంది కాదనరు. ఈసారి డాక్టరు దగ్గరికి మీ ఆయన్ని తప్పకుండా తీసుకెళ్లండి, "మా వారికి ఒకసారి చెప్పండి డాక్టరుగారూ" అని మీరే అనండి. మీరు వంద సార్లు చెప్పింది తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఒక్కసారి చెబితే ఎక్కుతుంది, ఇది నాకు అస్సలు నచ్చదు గానీ పనిచేస్తుంది.

డాక్టరు దగ్గర మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే, మీ గుంటూరు కొత్తపేటలో అయినా మా సూర్యారావుపేటలో అయినా టోకెన్ పట్టుకుని గంటలు కూర్చుంటే అంతే. ఆ నిమిషాల్లో ఏడుపొచ్చేస్తే అసలు సంగతి చెప్పలేరు. ఒక్క కాగితం మీద రాసుకెళ్లండి, రేడియో అయోడిన్ ఏ తేదీ, మాత్ర మోతాదు ఎప్పుడెప్పుడు మారింది, అప్పటి టీఎస్‌హెచ్ ఎంత, ఇంకా ఏ మాత్రలు ఏ టైముకి, బయోటిన్ ఎప్పుడు ఆపారు, మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నవి మూడు. పది రాయకండి, మూడే. మామూలు ఫిజీషియన్ దగ్గర చూపించుకుంటుంటే ఒక్కసారైనా హార్మోన్ల డాక్టరుని, అంటే ఎండోక్రైనాలజిస్ట్‌ని కలవండి. టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోను కలిపి వేసుకుంటే అద్భుతంగా ఉంటుందని ఎక్కడైనా చదివితే, అది పైన చెప్పినవన్నీ సరిచేశాక కూడా బాగా లేకపోతే ఆయనతో మాట్లాడాల్సిన విషయం. అధ్యయనాల్లో అది థైరాక్సిన్ కంటే మెరుగని గట్టిగా తేలలేదు, కొందరికి మాత్రం నచ్చుతోంది. గుండె లయ బాగా లేనివాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు.

స్కూల్లో కూడా ఒక మాట చెప్పి చూడండి, వరసగా మూడు పీరియడ్లు కాకుండా మధ్యలో ఒకటి ఖాళీ వచ్చేలా టైంటేబుల్ మార్చమని. ప్రైవేటు స్కూళ్లలో ఇది అడగడం ఎంత కష్టమో తెలుసు, అయినా ఇప్పుడు ఒంటిపూట బడులే కాబట్టి జూన్‌లో కొత్త టైంటేబుల్ వేసేముందు అడిగితే జరిగే అవకాశం ఉంది. పేర్లు మర్చిపోతున్నందుకు సిగ్గుపడకండి, హాజరుపట్టీ పక్కన పెట్టుకుని పేరు చూసి పిలవండి.

జీవితం ఇంతేనా అన్నారు. మీ విషయంలో నేను ఆశగానే ఉన్నాను, ఊరికే ధైర్యం చెప్పడానికి కాదు, సరిచేసుకోవాల్సినవి ఇన్ని కనబడుతున్నాయి కాబట్టి. అన్నీ చేశాక కూడా కొంత అలసట మిగిలితే మిగలొచ్చు, మునుపటి ఓపిక నూటికి నూరు పాళ్లు వస్తుందని నేను మాటివ్వలేను. కానీ మీరు ఇప్పుడున్న చోటు మాత్రం చివరిది కాదు.

మీ అమ్మాయి గురించి. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లకే చాలా ఎక్కువ, కాబట్టి మిగతా పిల్లల కంటే తనకి అవకాశం కొంచెం ఎక్కువే. అయితే ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి గ్రేవ్స్ వస్తే రెండోవాళ్లకి రాకుండా ఉండటమే ఎక్కువ, అందుకని తల్లికి వచ్చింది కూతురికి వచ్చి తీరుతుందని లేదు. ఏ ఇబ్బందీ లేని పిల్లకి యాంటీబాడీ పరీక్షలు చేయించి భయపెట్టొద్దు. తిండి తింటూ బరువు తగ్గుతున్నా, గొంతు ముందు వాపు కనిపించినా, చేతులు వణుకుతున్నా, చదువులో ఉన్నట్టుండి ధ్యాస తప్పినా, నెలసరి బాగా తేడా వచ్చినా అప్పుడు ఒక టీఎస్‌హెచ్ చేయిస్తే సరిపోతుంది. మీకే ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే గర్భం రాకముందే డాక్టరుకి చెప్పండి. నెల తప్పగానే మాత్ర మోతాదు పెంచాల్సి వస్తుంది, పైగా గ్రంథి పోయినా మిగిలిన యాంటీబాడీలు కడుపులో బిడ్డని చేరగలవు, కాబట్టి అప్పటి డాక్టరుకి "నాకు ఒకప్పుడు గ్రేవ్స్ ఉండేది, రేడియో అయోడిన్ తీసుకున్నాను" అన్నది మొదటి రోజే తెలియాలి, వట్టి థైరాయిడ్ తక్కువ అని చెబితే చాలదు.